చర్చి చరిత్ర రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కెనడాలో ఒక లెక్కల గుమస్తా చెప్పే దారి

మా వంటింటి అలమరలో 40 కాఫీ కప్పులు మూలుగుతున్నాయి. అన్నిటి మీదా మా చర్చి బొమ్మ, కింద నీలం రంగులో "1874–2024" అని అంకెలు. అందులో మొదటి అంకె తప్పు. ఆ తప్పు చేసింది నేనే.

ఆంటారియోలో ఆక్స్‌ఫర్డ్ కౌంటీలో ఒక చిన్న ఊరు మాది. చుట్టూ పాడి ఫారాలు, మొక్కజొన్న చేలు. పశువుల దాణా అమ్మే కంపెనీలో ఇరవై ఏళ్ళు లెక్కలు రాసి రిటైరయ్యాను. పుట్టింది సామర్లకోటలో. ఇక్కడి బాప్టిస్టు చర్చిలో సభ్యురాలిని. 150 ఏళ్ళ పండగ దగ్గరికొస్తోందని మా పాస్టరు గారు ఒక ఆదివారం నన్ను ఆపి, "పాత లెక్కల పుస్తకాలు చదవడం మీకు అలవాటే కదా, మన చరిత్ర మీరే రాయండి" అన్నారు. 1924లో స్వర్ణోత్సవానికి వేసిన 16 పేజీల చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. అందులో చర్చి పుట్టింది 1874లో అని ఉంది.

ఆ అంకె చూడగానే నా మనసు కాకినాడకి పోయింది. జాన్ మెక్‌లారిన్ కాకినాడ చేరి కెనడియన్ బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టింది సరిగ్గా 1874 మార్చిలో. మా అమ్మమ్మ చదివిన మిషన్ బోర్డింగ్ స్కూలు, ఆవిడ చెప్పిన దొరసానమ్మ కబుర్లు, అన్నిటికీ మూలం అదే. ఇక్కడి చర్చీ అక్కడి మిషనూ ఒకే ఏడు పుట్టాయంటే ఇంక నాకేం కావాలి? 150 కప్పులు ఆర్డరిచ్చేశాం. రెండు నెలల తర్వాత మొదటి మినిట్సు పుస్తకం, అంటే సంఘం సమావేశాల్లో జరిగింది క్లర్కు రాసిపెట్టే పుస్తకం, దొరికింది. మొదటి పేజీలో 1871 ఫిబ్రవరి అని ఉంది. స్కూలు గదిలో 17 మంది కూర్చుని సంఘంగా ఏర్పడ్డారు. 1874 అనేది గుడి స్థలం రిజిస్టరైన ఏడు మాత్రమే. అంటే మేం 150 ఏళ్ళ పండగ మూడేళ్ళు ఆలస్యంగా చేసుకున్నాం. పాత పుస్తకం తప్పు చెప్పింది నిజమే, కానీ అది నిజమైతే బాగుండునని నాకు అనిపించింది కాబట్టే నేను సరిచూసుకోలేదు.

కెనడాలో మీరున్న ఊళ్ళోనూ ఇలాంటి పని ఎవరో మీకు అప్పజెబుతారు. ఇప్పుడు చాలా చిన్న ఊళ్ళ చర్చిల్లో ఓపికా కంప్యూటరూ రెండూ ఉన్నది మనలాంటి కొత్తగా వచ్చినవాళ్ళకే. అప్పుడు ఏం చేయాలో, నేను పడిన పాట్లు మీరు పడకుండా చెబుతాను.

పుట్టినరోజు సంగతి

ముందు ఇది తేల్చుకోండి. ఒక చర్చికి పుట్టినరోజులు కనీసం నాలుగు ఉంటాయి. ఎవరో ప్రసంగీకుడు గుర్రమెక్కి వచ్చి ఫలానా వాళ్ళ కొట్టంలోనో బడిలోనో మొదటిసారి వాక్యం చెప్పిన రోజు ఒకటి. సభ్యుల పేర్లు రాసుకుని సంఘంగా ఏర్పడిన రోజు రెండోది. బాప్టిస్టులైతే చుట్టుపక్కల సంఘాల ప్రతినిధులు వచ్చి గుర్తించిన తేదీ కూడా విడిగా ఉండొచ్చు. స్థలం రిజిస్ట్రేషన్ మూడోది. గుడి ప్రతిష్ఠ నాలుగోది. గోడలో రాతి మీద చెక్కిన ఏడు సాధారణంగా ఈ నాలుగోదానికి దగ్గరగా ఉంటుంది, కొన్నిసార్లు కాలిపోయాక కట్టిన రెండో గుడిది కూడా అవుతుంది. పాత వార్షికోత్సవ పుస్తకాలు ఈ నాలుగింట్లో ఏదో ఒకటి పట్టుకుని "పుట్టింది" అనేస్తాయి. మీరు నాలుగూ విడివిడిగా రాసి, మీ సంఘం దేన్ని పండగ చేసుకుంటుందో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. కప్పులు ఆ తర్వాత.

ముందు వంశం, తర్వాత ఇల్లు

మీ చర్చి బోర్డు మీద ఇవాళ ఉన్న పేరు చూసి దాని పాత కాగితాలు ఎక్కడున్నాయో చెప్పలేం. కెనడాలో ప్రొటెస్టెంటు శాఖలు కలిసినన్నిసార్లు, చీలినన్నిసార్లు పొలాలు కూడా పంచుకుని ఉండరు.

ముఖ్యంగా 1925 జూన్ 10 గుర్తుపెట్టుకోండి. ఆ రోజు టొరంటోలో మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లలో దాదాపు మూడింట రెండు వంతులు కలిసి యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడా అయ్యారు. మిగిలిన ఒక వంతు ప్రెస్బిటేరియన్లు కలవడానికి ఒప్పుకోలేదు. దానికి ముందు ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ఓట్లు వేయించారు. ఒకే ఊళ్ళో ఒకే వీధిలో సెయింట్ ఆండ్రూస్ యునైటెడ్, సెయింట్ ఆండ్రూస్ ప్రెస్బిటేరియన్ రెండూ ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా? ఓట్లలో ఓడినవాళ్ళు గుడి వదిలి బయటికొచ్చారు, కానీ పేరు వదల్లేదు. ఇంకా వెనక్కి వెళితే, 1875లో వేరువేరు ప్రెస్బిటేరియన్ శాఖలు కలిశాయి, 1884లో నాలుగు రకాల మెథడిస్టులు కలిశారు. కాబట్టి మీ యునైటెడ్ చర్చి కట్టింది ప్రిమిటివ్ మెథడిస్టులో బైబిల్ క్రిస్టియన్లో కూడా కావచ్చు. వంశం తెలిస్తేనే వెతకాల్సిన చోటు తెలుస్తుంది.

యునైటెడ్ చర్చికీ ప్రెస్బిటేరియన్లకీ పెద్ద ఆర్కైవ్సులు టొరంటోలో ఉన్నాయి. ఆంగ్లికన్లకి ప్రతి డయాసిస్‌కీ, అంటే ఒక్కో బిషప్పు కింద ఉండే ప్రాంతానికి, విడిగా ఉంటుంది. ఆంటారియో, క్విబెక్ బాప్టిస్టులవి హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో ఉన్న కెనడియన్ బాప్టిస్ట్ ఆర్కైవ్స్‌లో. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ వైపు బాప్టిస్టులవి వుల్ఫ్‌విల్‌లో అకేడియా యూనివర్సిటీలో. అక్కడికి వెళ్ళే ముందు ఈమెయిల్ రాసి, ఏ చర్చి, ఏ సంవత్సరాల మధ్య, ఏ రకం పుస్తకాలు కావాలో స్పష్టంగా చెప్పండి. ఊరికే వెళ్ళి నిలబడితే ఆ రోజు పెట్టె వేరే గోదాములో ఉందంటారు.

ఆర్కైవ్స్‌కి వెళ్ళకముందే మీ చర్చిలోనే వెతకండి. మా మొదటి మినిట్సు పుస్తకం దొరికింది బాయిలర్ గదిలో, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులు వేసుకునే బట్టల పెట్టె అడుగున. మాజీ కోశాధికారుల ఇళ్ళ అటకలు, చనిపోయిన క్లర్కు గారి పిల్లల ఇళ్ళు కూడా అడగండి. "మా నాన్న చనిపోయాక అన్నీ పారేశాం" అనే మాట రెండు మూడుసార్లు వినడానికి సిద్ధపడండి.

మినిట్సు పుస్తకం మాట్లాడే భాష

ఇక్కడ నేను చాలాసేపు ఆగుతాను. అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

మొదటి వారం నాకు ఒక టెన్షన్ పట్టుకుంది. 1880లలో పేజీపేజీకీ "డిస్‌మిస్డ్ బై లెటర్" అని కనిపిస్తుంది. ఫలానా సిస్టరుని డిస్‌మిస్ చేశారు, ఫలానా కుటుంబాన్ని మొత్తం డిస్‌మిస్ చేశారు. అబ్బో, ఎంత కఠినమైన సంఘం, ఇంతమందిని వెలేశారా అనుకున్నాను. వాళ్ళందరి పాపాల చిట్టా కోసం తెగ వెతికాను కూడా. తీరా చూస్తే అది మన వైపు ట్రాన్స్‌ఫర్ లెటర్ ఇచ్చి పంపడమే. ఊరు మారుతుంటే, "ఈ సహోదరి మాలో మంచి సాక్ష్యంతో ఉంది, మీ సహవాసంలోకి తీసుకోండి" అని కొత్త ఊరి సంఘానికి రాసిచ్చే ఉత్తరం. నిజంగా వెలేస్తే "ఎక్స్‌క్లూడెడ్" అని ఉంటుంది. చాలాకాలం కనబడక పేరు కొట్టేస్తే "ఇరేజ్డ్". ఈ మూడూ కలిపేస్తే చరిత్ర తలకిందులవుతుంది. ఒకసారి తెలిశాక మాత్రం ఆ ఉత్తరాలే బంగారం. ఏ ఏడు ఎంతమంది ఏ ఊరికి ఉత్తరం తీసుకున్నారో వరసగా రాసుకుంటూ పోయాను. 1880ల మొదట్లో చాలా ఉత్తరాలు మానిటోబాకి వెళ్ళాయి. రైలు మార్గం పడమటికి సాగుతుంటే మా ఊరి కొడుకులు భూమి కోసం దాని వెంట వెళ్ళారన్నమాట. ఇక్కడ చర్చి ఎందుకు తగ్గిపోయిందో 1924 పుస్తకం ఆధ్యాత్మిక చల్లదనం అని రాసింది. ఉత్తరాలు చూస్తే గోధుమ పొలాలు అని తేలింది.

చేతిరాత మొదట్లో కళ్ళు తిప్పేస్తుంది. పాత అలవాటున్నవాళ్ళు రెండు ఎస్సులు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని పొడుగ్గా, ఎఫ్ లాగా రాసేవాళ్ళు. నేను చాలా రోజులు "మిస్" అనే మాటని "మిఫ్స్" అని చదివి ఆవిడెవరో అనుకున్నాను. ఒక క్లర్కు రాత అర్థం కాకపోతే ప్రతి నెలా ఆయన తప్పకుండా రాసే వాక్యాన్ని పట్టుకోండి. మా పుస్తకంలో "ప్రార్థనతో మొదలైంది" అనే వాక్యమే నాకు అక్షరమాల నేర్పింది. 1858కి ముందు పుస్తకమైతే లెక్కలు పౌండ్లు, షిల్లింగుల్లో ఉంటాయి. తర్వాత డాలర్లు. మధ్య సంవత్సరాల్లో రెండూ కలిసి ఉంటే కంగారుపడకండి.

రెండో చిక్కు ఆడవాళ్ళ పేర్లు. "మిసెస్ జాన్ ఫలానా" అని తప్ప సొంత పేరు ఉండదు. 30 ఏళ్ళు సండే స్కూలు నడిపిన ఆవిడ పేరు కూడా భర్త పేరు వెనకే దాక్కుంటుంది. ఈ పేర్లు తవ్వి తీయడం నేను పంతంగా పెట్టుకున్నాను. బాప్తిస్మపు జాబితాలో పెళ్ళికి ముందు పేరు ఉండొచ్చు. సెన్సస్‌లో సొంత పేరు ఉంటుంది. సమాధి రాయి మీద ఉంటుంది. అన్నిటికన్నా ఊహించని చోటు ఒకటుంది. పాతకాలంలో చర్చి ఆడవాళ్ళు డబ్బు పోగుచేయడానికి పేర్లు కుట్టిన బొంత తయారుచేసేవారు. ఒక్కో పేరుకి ఇంత అని వసూలు చేసి ఎర్రదారంతో కుట్టేవారు. మా ఊరి మ్యూజియంలో మా చర్చి బొంత ఒకటుంది. దాని మీద ఆడవాళ్ళు సొంత పేర్లతో ఉన్నారు. నేను దాని ముందు నిలబడి నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే అక్కడి అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది.

బంధుత్వాల విషయంలో మనకి ఒక ఇబ్బంది, ఒక లాభం. ఇంగ్లీషువాళ్ళు బావ, బావమరిది, తోడల్లుడు అందరికీ "బ్రదర్-ఇన్-లా" అని ఒకే మాట వాడతారు. తెలుగులో రాయబోతే ఎవరో తేలేదాకా వాక్యం కదలదు. కాబట్టి తప్పనిసరిగా వెతుకుతాం. మన వైపు వచ్చిన తొలి కెనడా మిషనరీలు టింపనీ, మెక్‌లారిన్ ఇద్దరినీ ఇంగ్లీషు పుస్తకాలు ఆ ఒక్క మాటతోనే సరిపెడతాయి. వాళ్ళు తోడల్లుళ్ళు. మా కౌంటీలోనే వుడ్‌స్టాక్‌లో ఉన్న బాప్టిస్టు పాస్టరు బేట్స్ గారి ఇద్దరు కూతుళ్ళని చేసుకున్నారు. ఇద్దరూ చదివింది కూడా వుడ్‌స్టాక్‌లోని కెనడియన్ లిటరరీ ఇన్‌స్టిట్యూట్‌లో. 1867లో టింపనీ దంపతులు, తర్వాత కొద్ది ఏళ్ళకి మెక్‌లారిన్ దంపతులు తెలుగు దేశానికి బయల్దేరారు. మిషన్ అంటే ఏదో మహా సంకల్పం అనుకుంటాం గానీ, ఒక ఇంటి అక్కచెల్లెళ్ళు ఒకరి వెనక ఒకరు ఓడెక్కడం కూడా అందులో ఉంది.

ఆడవాళ్ళ లెక్కల పుస్తకం

డీకన్ల మినిట్సు కన్నా నాకు ఎక్కువ చెప్పింది స్త్రీల మిషన్ సర్కిల్ (మిషన్లకి డబ్బు పోగుచేసే ఆడవాళ్ళ సమాజం) లెక్కల పుస్తకం. నీలం అట్ట, దారం ఊడిపోయింది. ప్రతి నెలా ఎవరు ఎన్ని సెంట్లు ఇచ్చారో, గుడ్లు అమ్మి ఎంత, స్ట్రాబెరీ సోషల్ అనే పళ్ళ విందు మీద ఎంత, అన్నీ ఉన్నాయి. 1880ల మధ్యలో ఒక పేజీలో ఖర్చు వైపు "సముల్‌కొట్టా స్కూలు, 4 డాలర్లు" అని ఉంది.

సామర్లకోట. మా ఊరు. నేను కాసేపు ఆ పేజీ తిప్పలేదు.

మన తెలుగువాళ్ళు ఈ పనికి సరిగ్గా సరిపోతారని నేననేది ఇందుకే. ఇక్కడి చరిత్రకారులకి ఆ మాట ఊరో మనిషో తెలియదు. "కొకనాడా" కాకినాడ, "అకీడు" ఆకివీడు, "చికకోల్" శ్రీకాకుళం, "బిమ్లిపటమ్" భీమునిపట్నం. తెలుగు అనే మాటే నాలుగైదు రకాలుగా ఉంటుంది. ఈ పేర్లలోనే ఇంకో ఆనవాలు కూడా ఉంది. కాకినాడ, తుని, సామర్లకోట, ఆకివీడు కనిపిస్తే అది ఆంటారియో, క్విబెక్ వైపు డబ్బు. బొబ్బిలి, భీమిలి, శ్రీకాకుళం కనిపిస్తే అది నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ వైపు బాప్టిస్టులది. ఆ వైపు ఆడవాళ్ళ సంఘాలు ఇంకా ముందువి. 1870లో హన్నా మరియా నోరిస్ నోవా స్కోషియాలో మొదలుపెట్టింది. ఆంటారియో, క్విబెక్ ఆడవాళ్ళు 1876లో తమ సొసైటీలు పెట్టుకున్నారు. 1878 నుంచి "కెనడియన్ మిషనరీ లింక్" అనే పత్రిక వేశారు. ఈ పాత పత్రికలు చాలావరకు కెనడియానా వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు.

డబ్బు వెంట ఇలా నడవండి. మీ ఊరి సర్కిల్ పుస్తకంలో పంపిన మొత్తం, తేదీ రాసుకోండి. అదే నెల, తర్వాతి నెల లింక్ పత్రికలో వెనక పేజీల్లో వచ్చిన విరాళాల జాబితా ఉంటుంది. అందులో మీ ఊరి పేరు, మొత్తం సరిపోయిందా చూడండి. మాది మూడుసార్లు సరిపోలేదు. రెండుసార్లు పోస్టులో ఆలస్యం. మూడోది ఏమిటో నాకు నేటికీ తేలలేదు, లెక్కలదాన్ని కాబట్టి రాత్రిళ్ళు గుర్తొస్తుంది. ఇదే పుస్తకంలో "గ్రాండ్ లీన్యె" అనే పేరు కూడా వస్తే తెల్లబోకండి. అది క్విబెక్‌లో ఫ్రెంచివాళ్ళ మధ్య, స్విట్జర్లాండు నుంచి 1835లో వచ్చిన హెన్రియెట్ ఫెల్లర్ మొదలుపెట్టిన మిషన్.

ఒక్క జాగ్రత్త. మిషనరీలు ఇంటికి రాసిన ఉత్తరాలు డబ్బు కదిలించడానికి రాసినవి కూడా. వాటిలో మనవాళ్ళు "ఒక బైబిలు స్త్రీ", "ఒక నమ్మకమైన స్థానిక బోధకుడు" అయిపోతారు, పేరుండదు. కాకినాడలో మెక్‌లారిన్ కన్నా ముందే, టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం వదిలి సువార్త పని మొదలుపెట్టినవాడు థామస్ గాబ్రియేల్, తెలుగువాడు. ఆయన పిలిస్తేనే ఆ పని కెనడావాళ్ళ చేతికి వచ్చింది. మా 1924 పుస్తకంలో ఆయన లేడు. మీ చర్చి మిషన్ చరిత్ర రాసేటప్పుడు అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళ పేర్లు రాయగలిగింది మీరే. రాయండి.

గుడి బయట దొరికేవి

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి దొరకడం సులువు.

సెన్సస్‌లో మతం గడి ఉంటుంది. 1851 నుంచి 1931 దాకా చాలా జాబితాలు లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా సైటులో ఉచితం. మీ మొదటి సభ్యుల పేర్లు రాసుకుని, చర్చి పుట్టకముందు సెన్సస్‌లో వాళ్ళు ఏ మతం చెప్పారో చూడండి. మా 17 మందిలో ఐదుగురు ముందు మెథడిస్టులు. అంటే పక్క వీధి చర్చి నుంచి వచ్చారు, ఆ రెండు చర్చిల మధ్య 30 ఏళ్ళు మాటల్లేకపోవడానికి కారణం అదే అని నా అనుమానం. స్థలం కోసం ఆంటారియోలో ల్యాండ్ రిజిస్ట్రీ పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో తిరగేయొచ్చు. లాటు (స్థలం) నంబరు, కన్సెషన్ (ఆ స్థలం ఉన్న వరస) నంబరు తెలిస్తే చాలు, అవి 1870ల కౌంటీ అట్లాసుల్లో ఉంటాయి. పట్నం చర్చి అయితే గోడ్ కంపెనీ వేసిన అగ్నిప్రమాద బీమా మ్యాపులు చూడండి. అందులో గులాబీ రంగు ఇటుక కట్టడం, పసుపు చెక్క, నీలం రాయి. మా గుడి మొదట చెక్కదని ఎవరికీ తెలియదు, పసుపు రంగు చూసి తెలిసింది. ఆంటారియో పల్లెల్లో విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆడవాళ్ళు 1947 నుంచి కట్టిన ట్వీడ్స్‌మ్యూర్ చరిత్రల ఆల్బమ్‌లు లైబ్రరీలో అడగండి. పేపరు కటింగులు, ఫోటోలు, కబుర్లు అన్నీ అతికించి ఉంటాయి. కబుర్లు మాత్రం ఇంకోచోట సరిచూసుకోవాలి.

పెళ్ళిళ్ళ రికార్డులు వెతికేవాళ్ళకి ఒక మాట. ఆంటారియోలో 1831కి ముందు మెథడిస్టు పాస్టర్లకి పెళ్ళి చేసే హక్కే లేదు, బాప్టిస్టుల్లోనూ చాలామందికి లేదు. మీ చర్చి పుస్తకంలో పెళ్ళి దొరకలేదంటే ఆంగ్లికన్ రిజిస్టరులో ఉండొచ్చు. ప్రభుత్వ నమోదు 1869 జులైలో మొదలైంది.

ఎవరూ చెప్పుకోవడానికి ఇష్టపడనివి

ప్రతి చర్చిలోనూ ఒక గొడవ ఉంటుంది. మాది 1927. ఆంటారియో, క్విబెక్ బాప్టిస్టు చర్చిలన్నీ కలిసిన కన్వెన్షన్ ఆ ఏడు చీలింది. మెక్‌మాస్టర్‌లో నేర్పే వేదాంతం మీద టొరంటో జార్విస్ స్ట్రీట్ చర్చి పాస్టరు టి. టి. షీల్డ్స్ పెట్టిన పోరు అది. మా ఊళ్ళో ఆ సెగ తగిలి 22 మంది బయటికెళ్ళారు. మినిట్సులో దీని గురించి ఒకే ఒక్క లైను ఉంది, తర్వాత రెండు పేజీలు కత్తెరతో కత్తిరించి ఉన్నాయి. నేను రెండూ రాశాను, ఆ లైనూ, ఆ కత్తెరా. ఒక పెద్దాయన, "ఇదెందుకు ఇప్పుడు" అన్నారు. "పేజీలు లేవని మాత్రమే రాశాను, ఎందుకు లేవో రాయలేదు" అన్నాను. ఒప్పుకున్నారు.

అంతకన్నా బరువైనది ఇంకోటుంది. మాకు అరగంట దూరంలో బ్రాంట్‌ఫర్డ్. అక్కడ 1785లో కట్టిన మోహాక్ చాపెల్ ఉంది, ఆంటారియోలో నిలిచి ఉన్న చర్చిల్లో అన్నిటికన్నా పాతది. అదే ఊళ్ళో మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే రెసిడెన్షియల్ స్కూలు 1970 దాకా నడిచింది. మన్సీ దగ్గర మౌంట్ ఎల్గిన్ అనే ఇలాంటి స్కూలే మెథడిస్టులది, 1925 తర్వాత యునైటెడ్ చర్చిది. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి వేరుచేసి, వాళ్ళ భాష మాట్లాడనివ్వని బడులవి. యునైటెడ్ చర్చి 1986లో ఆదివాసీలకి, 1998లో ప్రత్యేకంగా ఈ బడుల్లో చదివినవాళ్ళకి క్షమాపణ చెప్పింది. ఆంగ్లికన్లు 1993లో, ప్రెస్బిటేరియన్లు 1994లో చెప్పారు. ఈ బడుల సంగతి విచారించిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో ఇచ్చిన 94 పిలుపుల్లో 59వది, చర్చిలు ఇందులో తమ పాత్ర ఏమిటో తమ సంఘాలకి నేర్పాలని అడుగుతుంది.

మీది చిన్న పల్లె చర్చే కావచ్చు. అయినా స్త్రీల సమాజం పుస్తకంలో "బేల్" అనే మాట కోసం వెతకండి. ఆడవాళ్ళు బట్టలు, దుప్పట్లు మూట కట్టి ఇలాంటి బడులకి పంపేవారు, ప్రేమగానే పంపేవారు. ఏ ఊరికి, ఏ బడికి పంపారో రాయండి. దాని మీద తీర్పు చెప్పే పని పెట్టుకోకండి, దాచే పని అసలు పెట్టుకోకండి. ఆ నేల గురించి మొదటి పేజీలో రాసేటప్పుడు కూడా, "ఇక్కడ అంతా అడవి" అని మొదలుపెట్టకుండా, మీ కౌంటీ ఏ ఒప్పందం కింద ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వెతికి, ఆ పేర్లు రాయండి.

పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడం

కేర్ హోమ్‌లో 93 ఏళ్ళ పెద్దావిడ ఒకరు ఉన్నారు. ఇక్కడి అలవాటు ప్రకారం పేరు పెట్టి పిలవాలి. నా నోరు రాలేదు, మిసెస్ అనే పిలిచాను. ఆవిడ నవ్వి, "మా అత్తగారిని పిలుస్తున్నావనుకున్నా" అన్నారు.

ఆవిడని మొదటిసారి "1950లలో చర్చి ఎలా ఉండేది?" అని అడిగితే "బాగుండేది" అన్నారు, అంతే. రెండోసారి ఒక ఫోటో పట్టుకెళ్ళాను, కోళ్ళ విందు రోజున వంటగదిలో తీసింది. గంటన్నర మాట్లాడారు. స్టవ్ ఎవరు కొన్నారు, ఏ రెండు కుటుంబాలవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు కాదు, వంటగది తలుపు బయటికి ఎందుకు తెరుచుకుంటుంది. ఆ తలుపు సంగతి ఏ మినిట్సులోనూ లేదు. లోపలికి తెరుచుకునే తలుపు తగిలి ఒకావిడ చేతిలోంచి గ్రేవీ గిన్నె పాస్టరు గారి కోటు మీద పడిందట. మర్నాడే బందులు మార్చారు.

కాబట్టి తేదీలు అడగకండి. వస్తువులు, తలుపులు, వాసనలు, కూర్చునే చోట్లు అడగండి. రికార్డు చేసే ముందు అనుమతి కాగితం మీద సంతకం తీసుకోండి. ఇంటికి వచ్చిన రాత్రే రాసుకోండి. వారంలోపు చదివి వినిపించండి, ఏదైనా తీసేయమంటే తీసేయండి. బతికున్నవాళ్ళ పెళ్ళిళ్ళూ విడాకులూ పుస్తకంలోకి అక్కర్లేదు.

అచ్చు

పాస్టర్ల జాబితా, పదవీకాలాలు చివర ఒక పేజీలో పెట్టేయండి. పుస్తకం మొత్తం వాళ్ళ చుట్టూ తిప్పితే మూడేళ్ళకొకసారి మళ్ళీ మొదటికొస్తుంది. మా పాస్టర్లు సగటున నాలుగేళ్ళు ఉన్నారు. ఆర్గన్ వాయించినావిడ 46 ఏళ్ళు ఉంది. నేను అధ్యాయాలు ఆవిడలాంటి వాళ్ళ చుట్టూ కట్టాను. రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ ఏ పుస్తకం ఏ పేజీ అని పక్కన పెన్సిల్‌తో రాసుకోండి, లెక్కల్లో వోచరు లాగా. అచ్చులో అది లేకపోయినా ఫర్వాలేదు, ఫైల్లో ఉంటే చాలు.

ఫోటోల విషయంలో, కెనడాలో 1949కి ముందు తీసినవాటికి కాపీరైటు ఉండదు. తర్వాతవి తీసినవాళ్ళనో వాళ్ళ పిల్లలనో అడగాలి. పుస్తకాన్ని గుర్తుపట్టే ఐఎస్‌బీఎన్ నంబరు లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా ఉచితంగా ఇస్తుంది. అచ్చయ్యాక వాళ్ళకి కాపీలు పంపడం చట్టం. నాలుగు నుంచి 99 దాకా వేస్తే ఒకటి, 100 లేదా పైన వేస్తే రెండు. ఊరి లైబ్రరీకి ఒకటి, మీ శాఖ ఆర్కైవ్స్‌కి ఒకటి ఇవ్వండి. పాత మినిట్సు పుస్తకాలు స్కాన్ చేశాక మళ్ళీ బాయిలర్ గదిలో పెట్టకండి. మాది హామిల్టన్ ఆర్కైవ్స్‌కి ఇచ్చేశాం, యాసిడ్ లేని పెట్టెల్లో.

ఆ రోజు పెట్టెలతోపాటు ఒక కప్పు కూడా పట్టుకెళ్ళాను, "సంవత్సరం తప్పు, పుస్తకం 3వ పేజీ చూడండి" అని చీటీ కట్టి. అక్కడి అమ్మాయి పుస్తకాలు తీసుకుంది, చీటీ కూడా తీసుకుంది. కప్పులు పెట్టడానికి చోటు లేదంది. అందుకే మా ఇంట్లో ఇంకా 40 ఉన్నాయి.